అడ్డుతెర మీద ‘శ్రీరస్తు శుభమస్తు’: మిషన్ ఎంబ్రాయిడరీకి తెలుగు అక్షరాలు తయారు చేసుకునే పద్ధతి

ఇంగ్లిష్‌లో పేరు కుట్టించడం పెద్ద పని కాదు. ఎంబ్రాయిడరీ సాఫ్ట్‌వేర్లలో ఆ అక్షరాలు కుట్లతో సహా సిద్ధంగా ఉంటాయి, టైప్ చేసి మిషన్‌కి పంపిస్తే అయిపోతుంది. తెలుగు అడిగేసరికి చాలాచోట్ల ‘తెలుగు రాదండీ’ అనేస్తారు. ఒప్పుకున్నచోట కూడా అక్షరాలను బొమ్మలా తీసుకుని ఆటో పంచింగ్ కొట్టేస్తుంటారు (పంచింగ్ అంటే బొమ్మను కుట్లుగా మార్చడం, ఆటో అంటే ఆ పని సాఫ్ట్‌వేర్‌కే వదిలేయడం). దాంతో ఒత్తులు ముద్దకట్టేస్తాయి, తలకట్టు వచ్చి అక్షరానికి అతుక్కుంటుంది, ‘పద్మ’ కాస్తా ‘వద్మ’ అవుతుంది.

ఇలా ఎందుకవుతుందో ఒకసారి గమనిస్తే మిగతా పనంతా తేలికగా అర్థమవుతుంది. ‘ప’కీ ‘వ’కీ తేడా ఎక్కడుంది? ‘ప’లో తలకట్టుకీ కింది ఒంటికీ మధ్య కాస్త ఎడం ఉంటుంది. కాగితం మీద ఆ ఎడం సన్నగా ఉన్నా కన్ను పట్టుకుంటుంది. గుడ్డ మీద అలా కాదు. 40 నంబరు దారం మందమే దాదాపు 0.4 మిల్లీమీటర్లు. రెండు పక్కల నుంచీ దారం కాస్త ఉబికితే చాలు, ఎడం మూసుకుపోయి ‘వ’ మిగులుతుంది. ‘ద’కీ ‘ధ’కీ, ‘డ’కీ ‘ఢ’కీ, ‘చ’కీ ‘ఛ’కీ తేడా అడుగున ఉండే ఒక చిన్న గీత మాత్రమే. ‘థ’లో అయితే ఆ గీతతో పాటు కడుపులో చుక్క కూడా ఉంటుంది. కాబట్టి తెలుగు పంచింగ్‌లో ముందు లెక్క చూసుకోవాల్సింది ఖాళీలు. గీతల మందం ఆ తర్వాతి మాట.

ఈ వ్యాసంలో ఒకే పనిని మొదటి నుంచి చివరి దాకా చేసుకుంటూ వెళ్దాం. పెళ్లి అడ్డుతెర మీద రెండు ముక్కలుగా ‘శ్రీరస్తు’, ‘శుభమస్తు’. ఈ రెండు మాటల్లో గుడిదీర్ఘం ఉంది, ర ఒత్తు ఉంది, త ఒత్తు ఉంది, కొమ్ములున్నాయి, విడిగా ఉండే తలకట్టు ఉంది, ‘భ’ అడుగు గీత ఉంది. ఇవి చేతికి వచ్చాయంటే ఏ పేరైనా కుట్టగలరు.

ఏ సాఫ్ట్‌వేర్

నేను ఇక్కడ చెప్పేది బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్, దాని లోపల పనిచేసే ఎంబ్రాయిడరీ సాఫ్ట్‌వేర్ ఇంక్‌స్టిచ్ గురించి. రెండూ ఉచితం, విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తాయి. ముందు ఇంక్‌స్కేప్, తర్వాత ఇంక్‌స్టిచ్ ఇన్‌స్టాల్ చేసుకుంటే ‘ఎక్స్‌టెన్షన్స్’ మెనూలో ఇంక్‌స్టిచ్ కనిపిస్తుంది. ఉచితం కావడం ఒక్కటే కాదు, ఇంకో పెద్ద లాభం కూడా ఉంది. ఇంక్‌స్కేప్‌కి యూనికోడ్ తెలుగు బాగా వచ్చు. ‘స్తు’ అని కొడితే త ఒత్తు దాని చోటులో అది కూర్చుంటుంది. కొన్ని ఎంబ్రాయిడరీ సాఫ్ట్‌వేర్లలో నేరుగా తెలుగు టైప్ చేస్తే ఒత్తులు విడిపోయి, పొల్లులు బయటికి వచ్చి, చదవలేని వరుస ఒకటి తయారవుతుంది.

షాపుల్లో విల్‌కామ్ వాడేవాళ్లకి ఇంకో దారి ఉంది. అను ఫాంట్లతో కోరల్‌డ్రాలో టైప్ చేసి, కర్వ్స్‌గా మార్చి, ఆ గీతలను విల్‌కామ్‌లోకి తెచ్చుకుని పంచింగ్ చేస్తారు. అది కూడా మంచి పద్ధతే. కింద చెప్పే కొలతలు, కుట్ల వరుస, ఖాళీల లెక్క ఆ సాఫ్ట్‌వేర్‌కీ యథాతథంగా వర్తిస్తాయి. బటన్ల పేర్లే మారతాయి.

గుడ్డ, ఫ్రేము, కొలత

కంప్యూటర్ తెరిచే ముందే మూడు విషయాలు తేల్చుకోవాలి: ఏ గుడ్డ, ఎంత ఫ్రేము, ఎంత దూరం నుంచి చదవాలి.

అడ్డుతెరకు మామూలుగా కాటన్ గానీ పట్టు గానీ వాడతారు. రెండు పక్కలా ఇద్దరు పట్టుకుని నిలబడతారు, ఫొటోలో అక్షరాలు స్పష్టంగా పడాలి. చాలామంది మర్చిపోయే సంగతి ఒకటుంది. అడ్డుతెరకి వెనకవైపంటూ ఉండదు. ఒక పక్క వధువు, ఇంకో పక్క వరుడు ఉంటారు. కుట్టు వెనకవైపు, కింది నుంచి వచ్చే బాబిన్ దారం, గుడ్డ నిలబడటానికి అడుగున వేసే పేపరు ముక్కలు అన్నీ ఎవరో ఒకరికి ఎదురుగా ఉంటాయి. అందుకని మొదటి నుంచే వెనక లైనింగ్ గుడ్డ వేసేలా లెక్క చూసుకోండి. ఎంబ్రాయిడరీ ముందు, లైనింగ్ తర్వాత.

ఇళ్లలో వాడే ఎంబ్రాయిడరీ మిషన్లలో 100×100, 130×180 మిల్లీమీటర్ల ఫ్రేములు బాగా కనిపిస్తాయి. మనం 130×180 అనుకుందాం. ఒక్కో మాటకి ఒక్కో ఫ్రేము. రెండు మాటల్లో పొడవైనది ‘శుభమస్తు’, కాబట్టి కొలత దాన్నిబట్టే తేలుతుంది. ‘ర’ లాంటి వట్టి అక్షరం ఎత్తు 25 మిల్లీమీటర్ల దగ్గర పెట్టుకుంటే మాట మొత్తం 180 లోపల పడుతుంది. పైన గుడిదీర్ఘం, కింద ఒత్తులు కలుపుకుంటే ఎత్తు ఇంచుమించు రెట్టింపు అవుతుంది. ఫ్రేములో 130 ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. ఫాంటును బట్టి వెడల్పు మారుతుంది, అందుకే అక్షరాలు వేశాక ఒకసారి కొలిచి చూసుకోండి.

టైప్ చేయడం, చదివించడం

ఇంక్‌స్కేప్‌లో కొత్త పేజీ తెరిచి, డాక్యుమెంట్ ప్రాపర్టీస్‌లో యూనిట్ మిల్లీమీటర్లకు మార్చి, పేజీ సైజు 180×130 ఇవ్వండి. ఇక పేజీ అంచే ఫ్రేము అంచు. నాలుగు వైపులా కనీసం 5 మిల్లీమీటర్లు వదిలేయండి.

టెక్స్ట్ టూల్‌తో మాట టైప్ చేయండి. పేర్లు కుట్టేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. ‘రాజ్‌కుమార్’ అని కొట్టబోతే కొన్నిసార్లు ‘రాజ్కుమార్’ వస్తుంది, అంటే జ కింద క ఒత్తు చేరిపోతుంది. జ్ తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనపడని అక్షరం పెడితే పొల్లు నిలబడుతుంది. మీ కీబోర్డులో అది దొరక్కపోతే సరిగ్గా ఉన్న పేరును ఎక్కడి నుంచైనా కాపీ చేసి అతికించండి, అదీ వచ్చేస్తుంది.

ఇప్పుడే ఒక ప్రింటు తీసి, ఆర్డర్ ఇచ్చినవాళ్లకు చూపించి చదివించండి. వాట్సాప్‌లో ఫొటో పంపి ‘ఓకే’ అనిపించుకున్నా సరే. శ, ష, స తేడాలు, ళ, ల తేడాలు, ఇంటిపేరులో దీర్ఘాలు ఎవరి ఇంట్లో ఎలా రాస్తారో వాళ్లే చెప్పాలి. కుట్టిన తర్వాత పట్టు మీద నుంచి శాటిన్ కుట్టు (గీతకు అడ్డంగా పక్కపక్కనే దట్టంగా పడే కుట్టు) ఊడదీస్తే సూది రంధ్రాలు అలాగే ఉండిపోతాయి.

ఫాంటు

ఎంబ్రాయిడరీకి గీత మందం అంతటా ఒకేలా ఉండే ఫాంటు తేలిక. నోటో శాన్స్ తెలుగు బాగుంటుంది, సన్నం నుంచి బాగా మందం వరకూ చాలా రకాలు అందులోనే ఉన్నాయి. సిలికానాంధ్ర విడుదల చేసిన ఉచిత తెలుగు ఫాంట్లలో ‘మండలి’ కూడా ఈ పనికి అనువైనదే. ‘రామభద్ర’ శీర్షికల కోసం చేసిన బాగా లావు ఫాంటు. చూడ్డానికి నిండుగా ఉంటుంది గానీ లోపలి ఖాళీలు తక్కువ, అందుకని పెద్ద కొలతలోనే వాడండి. ‘చతుర’లోని సన్న రకాలను శాటిన్‌తో కాకుండా రన్నింగ్ కుట్టుతో చేస్తేనే అందం.

చేతిరాత లాంటి ఫాంట్లు శుభలేఖల మీద బాగుంటాయి. గుడ్డ మీదకి వచ్చేసరికి వాటి సన్నని కొసలు దారంలో దొరకవు. శాటిన్ గీత వెడల్పు 1 మిల్లీమీటరు కంటే తగ్గితే సూది పోట్లు ఒకదాని పక్కన ఒకటి పడి గుడ్డ చిరిగే ప్రమాదం ఉంది, దారమూ తెగుతుంది. 7 మిల్లీమీటర్లు దాటితే దారం వదులుగా వేలాడి గాజులకీ ఉంగరాలకీ తగులుకుంటుంది. మన గీత 3.5 మిల్లీమీటర్లు అనుకుందాం. 25 మిల్లీమీటర్ల అక్షరానికి అది చక్కటి పాళ్లు.

ఫాంటులో ‘శ్రీ’ ఎలా ఉందో ప్రత్యేకంగా చూడండి. కొన్ని ఫాంట్లలో ర ఒత్తు శ ఎడమ పక్క నుంచి చుట్టుకుని వస్తుంది, కొన్నిట్లో కిందే ఉండిపోతుంది. అడ్డుతెర మీద ముందు కంటికి ఆనేది ఈ ‘శ్రీ’ కాబట్టి చుట్టుకుని వచ్చేదే నాకు నచ్చుతుంది. ఫాంటులో అలా లేకపోతే పెన్ టూల్‌తో మీరే గీసుకోవచ్చు, ఎలాగూ గీతలన్నీ మళ్లీ గీయబోతున్నాం.

ఫాంటును అడుగున పెట్టి గీత గీయడం

ఇది అసలు పని. ‘పాత్’ మెనూలో ‘ఆబ్జెక్ట్ టు పాత్’ నొక్కితే టైప్ చేసిన మాట గీతలుగా మారుతుంది. గ్రూపు విడదీసి, ‘ర’ ఒక్కదాన్నే పట్టుకుని ఎత్తు చూడండి. 25 రావాలంటే మొత్తాన్ని ఎంత పెంచాలో తెలుస్తుంది. వెడల్పు, ఎత్తు కలిసి మారేలా తాళం గుర్తు నొక్కి ఉంచి సైజు మార్చండి. తర్వాత ఆ లేయర్‌ని లేత బూడిద రంగులోకి మార్చి లాక్ చేయండి. దీన్ని కుట్టించం, దీని మీద గీసుకుంటాం. కుట్టు ఫైల్ సేవ్ చేసే ముందు ఈ లేయర్‌ని కనపడకుండా చేయాలి, లేదంటే అది కూడా కుట్లుగా మారుతుంది.

కొత్త లేయర్‌లో పెన్ టూల్ తీసుకుని ప్రతి అక్షరం గీత మధ్యలోంచి ఒక్క గీత గీయండి, పలక మీద అక్షరం దిద్దినట్టే. రంగు నింపడం తీసేసి, గీత మందం 3.5 మిల్లీమీటర్లు పెట్టండి. తక్కువ పాయింట్లతో గీస్తే వంపు నున్నగా వస్తుంది. ‘ర’ లాంటి గుండ్రటి ఒంటికి నాలుగైదు పాయింట్లు చాలు. ఆటోమేటిక్‌గా మధ్యగీత తీసే సాధనాలు ఇంక్‌స్కేప్‌లోనూ ఇంక్‌స్టిచ్‌లోనూ ఉన్నాయి గానీ, తెలుగులో కొమ్ము ఒంటిని కలిసేచోట, సుడి తిరిగేచోట అవి పిచ్చి కొమ్మలు వేస్తాయి. వాటిని సరిచేసే సమయంలో చేత్తో గీయడమే అయిపోతుంది.

ఎక్కడ ఆపి ఎక్కడ కొత్త గీత మొదలుపెట్టాలి? మొనదేలిన మలుపు వచ్చిన ప్రతిచోటా. తలకట్టునే తీసుకోండి. అది టిక్కు మార్కులా ఉంటుంది, పొట్టి చేయి ఒకటి, పొడుగు చేయి ఒకటి. ఒకే గీతగా గీస్తే మలుపు దగ్గర కుట్లన్నీ ఒకే రంధ్రంలో పడి గట్టి ముడిలా అవుతాయి. రెండు గీతలుగా చేసి, మలుపు దగ్గర పొడుగు చేయి పొట్టి చేతి మీదకి 1 మిల్లీమీటరు ఎక్కేలా పెడితే శుభ్రంగా వస్తుంది. గుండ్రటి వంపులను మాత్రం విడగొట్టకండి, అతుకు కనిపిస్తుంది. ‘ర’ పూర్తి చుట్టు కాబట్టి ఎక్కడో ఒకచోట మొదలు, చివర కలవాలి. ఆ అతుకు తలకట్టు కిందికి వచ్చేలా చూసుకోండి.

కొమ్ము ఒంటిని తాకే చోట, గుడిదీర్ఘం అక్షరాన్ని తాకే చోట ఒకదాని మీద ఒకటి అర మిల్లీమీటరు నుంచి 1 మిల్లీమీటరు దాకా ఎక్కాలి. అంచుకి అంచు ఆనించి వదిలేస్తే కుట్టాక గుడ్డ లాక్కుని మధ్యలో బట్ట బయటపడుతుంది.

ఇక ఖాళీల దగ్గరికి వద్దాం. శాటిన్ కుట్టు గుడ్డను రెండు రకాలుగా కదిలిస్తుంది. దారం అడ్డంగా లాగుతుంది కాబట్టి గీత వెడల్పు తగ్గుతుంది. అదే సమయంలో గుడ్డను కొసల వైపు నెడుతుంది కాబట్టి గీత పొడవు పెరుగుతుంది. ‘స’ని చూడండి. తలకట్టు కొస సరిగ్గా కింది ఒంటి వైపే చూస్తూ ఉంటుంది. కుట్టు ఆ కొసను ఇంకాస్త కిందికి నెడుతుంది. స్క్రీన్ మీద 1 మిల్లీమీటరు ఎడం పెడితే గుడ్డ మీద అర కూడా మిగలకపోవచ్చు. అందుకని ఈ కొలతలో తలకట్టుకీ ఒంటికీ మధ్య 1.5 మిల్లీమీటర్లు ఉంచండి. చాలకపోతే తలకట్టును కాస్త పైకి జరపండి, లేదా దాని కొసను 0.3 నుంచి 0.5 మిల్లీమీటర్ల దాకా కత్తిరించండి. స్క్రీన్ మీద కొంచెం ఎడంగా కనిపిస్తుంది, గుడ్డ మీద సరిపోతుంది.

‘స్తు’ కింద త ఒత్తుకీ ఒంటికీ మధ్య కూడా ఇదే కొలత. ఫాంట్లలో ఒత్తు సైజు తక్కువ, గీత కూడా సన్నం. ఒత్తు గీతను 2.5 మిల్లీమీటర్లకు తగ్గించండి, ఒత్తు సైజును మాత్రం ఫాంటులో ఉన్నదాని కంటే పదో వంతు పెంచండి. అప్పుడు లోపలి సుడి పూడిపోదు. ‘భ’ అడుగు గీతను అందరూ నిర్లక్ష్యం చేస్తారు. దాన్ని విడి ముక్కగా, కనీసం 4 మిల్లీమీటర్ల పొడవుతో, ఒంటిని ఖచ్చితంగా తాకేలా పెట్టండి. ‘థ’, ‘ఠ’ లాంటివాటిలో చుక్క వస్తే 2 మిల్లీమీటర్ల వెడల్పు లేకుండా పెట్టకండి, చుట్టూ 1 మిల్లీమీటరు ఖాళీ లేకపోతే అక్షరాన్నే పెద్దది చేయండి.

గీతను శాటిన్‌గా మార్చడం

గీతలన్నీ ఎంచుకుని, ఇంక్‌స్టిచ్ మెనూలోని శాటిన్ టూల్స్‌లో ‘కన్వర్ట్ లైన్ టు శాటిన్’ నొక్కండి. ఒక్కో గీత ఇప్పుడు రెండు అంచు గీతలుగా, వాటి మధ్య నిచ్చెన మెట్ల లాంటి అడ్డగీతలుగా మారుతుంది. అంచులను రెయిల్స్ అనీ, మెట్లను రంగ్స్ అనీ అంటారు. మెట్టు ఏ కోణంలో ఉంటే కుట్టు ఆ కోణంలో పడుతుంది. వంపుల్లో మెట్లు వంపు కేంద్రం వైపు చూస్తున్నాయో లేదో గమనించి, వంకరగా ఉన్నవాటిని నోడ్ టూల్‌తో సరిచేయండి. గీత కొసలు ఫాంటులో లాగా సన్నబడాలనుకుంటే రెయిల్స్ రెండూ కొస దగ్గరికి లాగితే సరి. ఇక్కడ మీ చేతివాటం చూపించుకోవచ్చు.

తర్వాత ‘పారామ్స్’ తెరవండి. దీంట్లో కంగారుపెట్టే గళ్లు చాలా ఉంటాయి, మనకి నాలుగైదే కావాలి.

జిగ్‌జాగ్ స్పేసింగ్ (ఒకే అంచున పక్కపక్క పోట్ల మధ్య ఎడం) 0.4 మిల్లీమీటర్లు. 40 నంబరు పాలిస్టర్ లేదా రేయాన్ దారానికి ఇది సరిపోతుంది. నిండుగా రావాలని 0.3కి తగ్గిస్తే అక్షరం అట్టలా బిగుసుకుపోతుంది, పట్టు ముడతలు పడుతుంది. నిండుతనం కింద వేసే అండర్‌లే వల్ల వస్తుంది, పై కుట్లను దట్టం చేసి దాన్ని రాబట్టాలని చూడకండి.

అండర్‌లే అంటే పైకి కనపడకుండా ముందుగా పడే పల్చటి కుట్టు. గుడ్డను పేపరుకి బిగించి పట్టుకుంటుంది, శాటిన్‌ని కాస్త పైకి ఎత్తి చూపిస్తుంది. 3.5 మిల్లీమీటర్ల గీతలకు కాంటూర్, జిగ్‌జాగ్ రెండూ పెట్టండి. 2.5 ఉన్న ఒత్తులకు కాంటూర్ ఒక్కటే. 1.5 కంటే సన్నని గీతలు ఉంటే మధ్యలో నడిచే సెంటర్ వాక్ చాలు.

పుల్ కాంపెన్సేషన్ (దారం లాగినందువల్ల తగ్గే వెడల్పును ముందే కలిపే కొలత) కాటన్‌కి ఒక్కో పక్క 0.15, పట్టుకి 0.2 మిల్లీమీటర్లతో మొదలుపెట్టండి. అది రెండు పక్కలా కలుస్తుంది కాబట్టి గీత మొత్తం 0.3 నుంచి 0.4 దాకా లావవుతుంది. అంత మేర ఖాళీలు తగ్గుతాయి. పైన 1.5 మిల్లీమీటర్లు ఉంచమన్నది ఇందుకే.

సుడులు, కొమ్ము మెలికల్లో లోపలి అంచున కుట్లు గుంపుకడతాయి. షార్ట్ స్టిచ్ ఇన్‌సెట్ అనే గడి ఉంది, దానివల్ల లోపలి అంచున కొన్ని కుట్లు కాస్త వెనక్కి తగ్గి పడతాయి. తెలుగుకి ఇది తప్పకుండా వాడాలి, మన అక్షరాల్లో వంపు లేని భాగమే తక్కువ.

ఏది ముందు, ఏది తర్వాత

ఇంక్‌స్టిచ్‌లో ఆబ్జెక్ట్స్ ప్యానెల్లో అడుగున ఉన్నది ముందు కుట్టుకుంటుంది, పైన ఉన్నది చివర. ఈ వరుసను చేత్తో సర్దుకోవాలి.

ముందు అక్షరాలన్నీ, ఆ తర్వాత ఒత్తులన్నీ అని వరుస పెట్టకండి. మిషన్ చివరి దాకా వెళ్లి వెనక్కి వచ్చేసరికి గుడ్డ జరిగి ఉంటుంది. ఒత్తు అక్షరానికి దూరమో దగ్గరో అవుతుంది, తలకట్టు పక్కకి పోతుంది. ఒక అక్షరం దాని ఒత్తు, తలకట్టు, గుణింతంతో సహా పూర్తయ్యాకే పక్క అక్షరానికి వెళ్లాలి.

‘స్తు’కి నేను పెట్టే వరుస ఇది: ముందు త ఒత్తు, తర్వాత స ఒంటి, దాని కొస నుంచి కొమ్ము, ఆఖరున తలకట్టు. అడుగు నుంచి పైకి వెళ్తే గుడ్డ ఒకే దిక్కుకు సర్దుకుంటుంది. ‘శ్రీ’లో ర ఒత్తు శ ఎడమ అంచుని దాటుకుని వస్తుంటే, ముందు శ కుట్టి తర్వాత ర ఒత్తు కుట్టండి, దాటే చోట ఒత్తు పైన పడుతుంది, చూపుకి బాగుంటుంది. గుడిదీర్ఘం చివర.

ముక్క నుంచి ముక్కకి దూకే చోట దారం కనపడుతుంది. తాకుతున్న ముక్కలైతే తొలి ముక్క చివర, తర్వాతి ముక్క మొదలు ఒకేచోట ఉండేలా చూసుకుంటే దూకుడు ఉండదు. దీనికి ‘ఆటో రూట్ శాటిన్ కాలమ్స్’ కొంత సాయం చేస్తుంది. విడిగా ఉన్న తలకట్టు, ఒత్తులకు ముందు ముక్క మీద ‘ట్రిమ్ ఆఫ్టర్’ పెట్టండి. మీ మిషన్‌కి దారం కత్తిరించే ఏర్పాటు లేకపోతే అది ఆగదు, కుట్టు మధ్యలో మీరే చిన్న కత్తెరతో తీసేయాలి. దాని మీదుగా తర్వాతి కుట్టు పడితే మళ్లీ తీయలేరు. చిన్న చుక్కలకు, విడి ముక్కలకు మొదట్లో, చివర్లో లాక్ కుట్లు ఉన్నాయో లేదో చూసుకోండి. ఒక్క ఉతుక్కే ఊడిపోయేవి అవే.

వరుస అయ్యాక సిమ్యులేటర్ నడిపించండి. వేగం తగ్గించి, ప్రతి అక్షరం ఎలా పుడుతుందో చూడండి. కుట్ల లెక్క కూడా అక్కడే కనిపిస్తుంది. 0.4 స్పేసింగ్‌లో 10 మిల్లీమీటర్ల శాటిన్ గీతకు ఒక్కో అంచున 25 చొప్పున 50 కుట్లు పడతాయి, అండర్‌లే దీనికి అదనం. జాబ్ వర్క్ చేసేవాళ్లు వెయ్యి కుట్లకి ఇంత అని రేటు కడతారు కాబట్టి ధర చెప్పడానికి ఈ లెక్క పనికొస్తుంది.

ఫైల్ సేవ్ చేయడం

‘సేవ్ ఎ కాపీ’తో మిషన్‌కి తగ్గ ఫార్మాట్ ఎంచుకోండి. బ్రదర్ మిషన్లకు పీఈఎస్, జానోమ్ తయారీ మిషన్లకు జెఫ్, షాపుల్లోని మల్టీ నీడిల్ మిషన్లకు ఎక్కువగా డీఎస్టీ. డీఎస్టీలో రంగుల సమాచారం ఉండదు, ఎక్కడ దారం మార్చాలో మాత్రమే ఉంటుంది. కాబట్టి రంగుల వరుస కాగితం మీద రాసి ఇవ్వండి. ఫైల్ పేరు పొట్టిగా, ఇంగ్లిష్ అక్షరాల్లో పెట్టండి, తెలుగు పేరున్న ఫైల్‌ని చాలా మిషన్లు చూపించవు.

ఇంక్‌స్కేప్‌లో గీసుకున్న అసలు ఎస్‌వీజీ ఫైల్‌ని విడిగా దాచుకోండి. మిషన్ ఫైల్లో సూది పోట్లే ఉంటాయి, గీతలూ అండర్‌లే సెట్టింగులూ ఉండవు. ఇదే మాట రేపు ఎవరైనా రెట్టింపు సైజులో అడిగితే ఎస్‌వీజీలోనే మార్చాలి. మిషన్ మీద సైజు పెంచితే చాలా మిషన్లలో కుట్ల సంఖ్య అలాగే ఉండి ఎడం పెరుగుతుంది, తగ్గిస్తే కుట్లు కిక్కిరిసి ఖాళీలు పూడిపోతాయి. మిషన్ మీద పదో వంతుకు మించి సైజు కదపకండి.

ట్రయల్ కుట్టు

ట్రయల్ పాత గుడ్డ మీద కాదు, అదే గుడ్డ ముక్క మీద, అదే పేపరుతో వేయాలి. పట్టు కొన్నప్పుడే ట్రయల్‌కి అరమీటరు ఎక్కువ తీసుకోండి. కాటన్ అయితే మధ్యస్థ మందం ఉన్న చింపే పేపరు వాడండి. పల్చటి పట్టుకి మెత్తటి కత్తిరించే రకం పేపరు వాడండి, ఎందుకంటే చింపేటప్పుడు పట్టు సాగిపోతుంది. సూది 75/11, వేగం నిమిషానికి 600 కుట్లు. ఫ్రేములో గుడ్డ బిగువుగా ఉండాలి గానీ లాగి పెట్టకూడదు. లాగి పెట్టిన గుడ్డ ఫ్రేము విప్పగానే వెనక్కి వెళ్లి అక్షరం చుట్టూ ముడతలు తెస్తుంది.

పెళ్లివారు జరీ దారం అడుగుతారు, అడగాలి కూడా. దానికి స్పేసింగ్ 0.45 నుంచి 0.5 దాకా పెంచి, 90/14 మెటాలిక్ సూది వేసి, వేగం 400 నుంచి 500 మధ్య పెట్టి, పై దారం టెన్షన్ తగ్గించండి. బాబిన్‌లో జరీ వద్దు, మామూలు దారమే.

ట్రయల్ అయ్యాక ముందు వెనక్కి తిప్పి చూడండి. శాటిన్ గీత వెనక మధ్యలో మూడో వంతు బాబిన్ దారం, రెండు అంచులా పై దారం కనిపిస్తే టెన్షన్ సరిగ్గా ఉంది. తర్వాత ముందువైపు. తలకట్టు అతుక్కుంటే ఎడం పెంచండి, పుల్ కాంపెన్సేషన్ తగ్గించకండి, తగ్గిస్తే గీతలన్నీ బక్కచిక్కుతాయి. కొమ్ము దగ్గర బట్ట కనిపిస్తే ఒకదాని మీద ఒకటి ఎక్కే భాగం పెంచండి. సుడి లోపల గట్టిగా ఉంటే ఇన్‌సెట్ చూడండి, లేదా సుడినే కాస్త పెద్దది చేయండి. అక్షరాలన్నీ ఒక పక్కకి వంగినట్టుంటే తప్పు ఫైల్లో లేదు, ఫ్రేము బిగింపులో ఉంది.

ఆ తర్వాత పది అడుగుల దూరంలో గోడకి పెట్టి, ఈ మాట ముందుగా తెలియని ఎవరినైనా చదవమనండి. తెలిసినవాళ్లు అలుక్కుపోయిన అక్షరాన్ని కూడా ఊహతో చదివేస్తారు.

రెండు ఫ్రేముల్ని ఒకే గీతలో నిలపడం

రెండు మాటలూ వేర్వేరు ఫ్రేముల్లో కుడతాం కాబట్టి ఒకే వరుసలో రావాలి. ఇంక్‌స్కేప్‌లో ‘ర’, ‘మ’ లాంటి అక్షరాల అడుగు అంచు మీదుగా ఒక అడ్డగీత, మాట మధ్యలో ఒక నిలువు గీత వేసి రెండు మాటలనూ 100 శాతం సైజులో ప్రింటు తీయండి. ప్రింటరు ‘పేజీకి సరిపడా’ అని సైజు తగ్గించకుండా చూసుకోండి, తీశాక స్కేలు పెట్టి ‘ర’ 25 ఉందో లేదో కొలవండి.

తెరను నిటారుగా పట్టించి, ఎక్కడ వస్తే బాగుంటుందో కాగితాలు గుండుసూదులతో పెట్టి చూడండి. పట్టుకున్నప్పుడు పై అంచు చేతుల్లో మడత పడుతుంది, మధ్యలో గుడ్డ కాస్త వేలాడుతుంది, కాబట్టి పై అంచు నుంచి ఓ జానెడు కింద అక్షరాలు వస్తే నప్పుతుంది. నీటితో పోయే పెన్నుతో తెర వెడల్పంతా అడ్డగీత గీయండి, రెండు మాటల మధ్య బిందువులు దాని మీద గుర్తు పెట్టండి. పట్టు మీద ఆ పెన్ను ముందు మూల ముక్కలో వాడి చూడండి. నీళ్ల మరక పడే పట్టైతే దారంతో లూజు కుట్టు వేసి గుర్తు పెట్టుకోవడం మేలు. ఫ్రేముకి ఉన్న మధ్య గుర్తులు ఈ గీతలతో కలిసేలా బిగించి, మిషన్‌లో సూదిని సరిగ్గా మధ్య బిందువు మీదకి తెచ్చి చూసుకుని స్టార్ట్ నొక్కండి.

టీషర్టు జేబు మీద పేరు లాంటి చిన్న పనులకు ఇదే పద్ధతి, కొలతలే వేరు. ఇంగ్లిష్ అక్షరం 5 మిల్లీమీటర్ల ఎత్తులో చదవగలిగేలా వస్తుంది. ఒత్తులున్న తెలుగు పేరుకి వట్టి అక్షరమే 10 మిల్లీమీటర్లు ఉండాలి. అంతకంటే చిన్నగా కావాలంటే 60 నంబరు సన్న దారం, 65/9 సూది, శాటిన్ బదులు మూడుసార్లు తిరిగే రన్నింగ్ కుట్టు వాడండి. తువ్వాలు, వెల్వెట్ మీద అయితే పైన నీళ్లలో కరిగే ప్లాస్టిక్ పొర ఒకటి పరవండి, లేకపోతే నూగులో తలకట్లు మునిగిపోతాయి.

తెర కుట్టడం అయ్యాక చింపే పేపరు తీసేటప్పుడు అక్షరాన్ని వేలితో నొక్కిపట్టి, మెల్లగా అక్షరం వైపుకే చింపండి. ఒత్తుల సుడుల్లో మిగిలిన ముక్కల్ని ట్వీజర్‌తో లాగే బదులు వదిలేయండి, లైనింగ్ వెనక అవి ఎవరికీ కనపడవు. మెత్తటి తువ్వాలు మీద బోర్లా వేసి వెనక నుంచి ఇస్త్రీ చేసి, అప్పుడు లైనింగ్ కుట్టండి.